శనివారం లేజర్, శుక్రవారం కత్తి

గాజులు తొడగడం దూరం నుంచి చేసే పని కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి చేయి పట్టుకోవాలి. బొటనవేలి కింది ఎముకను లోపలికి నొక్కి, నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టి, ఆ మాటల మధ్యే గాజును మణికట్టు మీదికి జరపాలి. ఆ కాసేపు రెండు ముఖాల మధ్య జానెడు దూరం కూడా ఉండదు. వరంగల్ చౌరస్తా దాటాక ఒక సందులో గాజుల దుకాణం నడిపే వినోద ఇరవై ఏళ్లుగా ఈ జానెడు దూరంలోనే బతుకుతోంది.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. భర్త సుదర్శన్ సరుకు కోసం ఊళ్లు తిరుగుతాడు కాబట్టి గల్లా దగ్గర కూర్చునేది వినోదే. అత్త చిలుకమ్మ ఇంటికి పెద్ద. మోకాళ్లు పట్టేశాక దుకాణానికి రావడం మానేసింది గానీ ఏ కస్టమరుకు ఏ సైజు గాజు పడుతుందో ఇంట్లో కూర్చునే చెప్పగలదు. కూతురు శ్రావణి డిగ్రీ చదువుతోంది.

శ్రావణి పుట్టాక వినోద గడ్డం మీద వెంట్రుకలు రావడం మొదలైంది. మొదట మూడో నాలుగో. తర్వాత దవడల మీదికి పాకాయి. రోజూ పొద్దున స్నానాల గదిలో గొళ్లెం పెట్టుకుని, ప్లక్కర్‌తో ఒక్కొక్కటీ పీకి, మంట చల్లారాక పౌడరు రాసుకుని బయటికి వచ్చేది. మగవాడి గడ్డం పెరిగితే వీధికొక సెలూన్ ఉంది, అద్దం ముందు కుర్చీ ఉంది, చదవడానికి పేపరు ఉంది. ఆడదాని గడ్డం పెరిగితే ఆమెకున్నది ఆ గొళ్లెం ఒక్కటే.

మొన్న మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఒక పెళ్లికూతురి బలగం దుకాణంలోకి వచ్చింది. వినోద పిల్ల చేయి పట్టుకుని పచ్చగాజులు ఎక్కిస్తుండగా పక్కన కూర్చున్న పిన్ని ముఖం దగ్గరికి వంగి చూసింది.

"అగో, గాజులక్కకు గడ్డమొస్తాంది సూడుండ్రే!"

తొమ్మిదిమంది నవ్వారు. వినోద కూడా నవ్వింది. "మా ఆయన సోపతి పట్టి వచ్చింది వదినా" అంది. బేరం చెడలేదు. కానీ మర్నాటి నుంచి ఆమె ఎవరికి గాజులు తొడిగినా తల పక్కకు తిప్పుకుని తొడగడం మొదలుపెట్టింది. చూడకుండా తొడిగితే గాజు చిట్లుతుంది. రెండుసార్లు చిట్లింది. ఒకామె చేతికి గాటు కూడా పడింది. ఇట్లాగైతే చేతిలో ఉన్న పని పోతుందని వినోదకు అర్థమైంది. ఆ శనివారమే బస్సెక్కి హన్మకొండలోని ఒక స్కిన్ క్లినిక్‌కు వెళ్లింది.

అక్కడ వెంట్రుకలు మళ్లీ రాకుండా లేజర్ చేసే డాక్టరమ్మ హైదరాబాద్ నుంచి వస్తుంది, శనివారాల్లో మాత్రమే. మిగతా అన్నీ చూసుకునేది కౌంటరు దగ్గరి దీప్తి.

"ఈ రోజు చేయలేం మేడమ్. మీరు రోజూ ప్లక్ చేస్తున్నారు కదా. నాలుగు వారాలు ఆపి రండి" అంది దీప్తి.

"ఆపితే పెరుగుతయి కదమ్మా?"

"పెరగాలి మేడమ్."

"అంటే పెరిగినంక గట్లనే రావాల్నా?"

"అయ్యో, పెరిగినవి ఉండొద్దు మేడమ్. ముందు రోజు షేవ్ చేసుకుని రావాలి."

"మరి తీసేసేదానికి పెంచుడెందుకు?"

దీప్తి నవ్వి ఒక కాగితం చేతిలో పెట్టింది. "అన్నీ ఇందులో ఉన్నాయి. బాగా చదువుకోండి." కాగితం రెండు వైపులా ఇంగ్లీషు. వినోద తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. హన్మకొండలో, ఇక్కడి ఆడవాళ్ల ముఖాల కోసం పెట్టిన దవాఖానలో వాళ్ల భాషలో ఒక్క వాక్యం అచ్చు వేయించాలని ఎవరికీ తోచలేదు. యంత్రానికి పెట్టిన ఖర్చులో అది ఎన్నో వంతు?

ఇంటికి వచ్చాక శ్రావణి చదివి వినిపించింది. పీకొద్దు. దారం పెట్టించొద్దు. వ్యాక్స్ వద్దు. బ్లీచ్ వద్దు. పసుపు, సున్నిపిండి రుద్దొద్దు. ఎండలో తిరగొద్దు, సన్‌స్క్రీన్ రాయాలి. సరిగ్గా ఇరవై నాలుగు గంటల ముందు షేవ్ చేసుకోవాలి. ఆ రోజు పౌడరు, క్రీము, అత్తరు ఏవీ లేకుండా రావాలి.

"పీకితే తప్పట, గీకితే ఒప్పట. రెండిట్ల పోయేది వెంట్రుకే కద? నాకు సమజైతలేదు" అంది వినోద.

"నాకూ సమజైతలేదు. ఎందుకో రాయలే ఇండ్ల" అని శ్రావణి కాగితం తిప్పి చూసింది. "అయినా ఇదంత ఎందుకమ్మా? ఉంటే ఉండనియ్యి. నీ మొఖం, నీ ఇష్టం. ఎవలో నవ్విండ్రని మొఖం కాల్చుకుంటరా?"

"నువ్వొచ్చి నా జాగల కూసో. పదిమందికి గాజులు తొడిగి, అప్పుడు చెప్పు."

శ్రావణి కాగితం మడిచి పెట్టింది. కూతురు చెప్పింది తప్పని వినోదకు అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. నవ్వే లోకానిదే తప్పు, నిజమే. కానీ లోకం తన తప్పు తెలుసుకునేదాకా రోజూ ఎనిమిది గంటలకు షట్టరెత్తి దాని ముందు కూర్చోవాల్సింది శ్రావణి కాదు, తను.

"ఎండలకైతే నేనెక్కడ పోతాన? పొద్దంత నీడపట్టునేనాయె. ఆ సన్‌స్క్రీన్ ఖర్చు దండుగ" అని ఆ ఒక్క నియమాన్ని మాత్రం తనే కొట్టేసింది.

నాలుగు వారాలు గడవడం అంత తేలిక కాలేదు. మధ్యలో పెరిగితే గీసుకోవచ్చని కాగితంలో ఎక్కడో ఉందట, అది శ్రావణి కంటికి ఆనలేదు. వినోద పెంచింది. కరోనా రోజుల మాస్కు వెతికి తీసి కట్టుకుంది. కస్టమర్లు రోజుకొక రోగం అంటగట్టారు. ఒకరు జ్వరమన్నారు, ఒకరు పన్ను పీకించుకుందన్నారు. స్నానాల గదిలో చేయి దానంతటదే ప్లక్కర్ కోసం వెళ్లేది. ఆపుకునేది. ఆపుకున్నది మంచికో చెడ్డకో తెలిసేది కాదు.

ఒక గురువారం చిలుకమ్మ గిన్నెలో పసుపు కలిపి తెచ్చింది. రేపు శుక్రవారం కదా, ముఖానికి రాసుకొమ్మని.

"వద్దత్తమ్మా. డాక్టర్లు వద్దన్నరు."

"పసుపొద్దన్న డాక్టరెవలే? ఆయనకు అమ్మ లేదా?" అని చిలుకమ్మ అలిగి ఆ పసుపంతా గడపకు పూసేసింది. గడప ఆ వారమంతా మెరిసింది.

నాలుగో వారం గురువారం మధ్యాహ్నం వినోద భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు దీప్తి ఫోన్ చేసింది. "మేడమ్, ఎల్లుండి రెండున్నరకు మీ అపాయింట్‌మెంట్. రేపు షేవ్ చేసుకోవడం మర్చిపోకండి."

ఫోన్ పెట్టేశాక వినోదకు వెలిగింది. రేపు శుక్రవారం.

ఆ ఇంట్లో మంగళవారం, శుక్రవారం గోళ్లు తీయరు. కత్తెర బయటికి తీయరు. సుదర్శన్ గడ్డం గీసుకోడు. శుక్రవారం లక్ష్మికి ఇష్టమైన రోజు. వ్యాపారం చేసుకునే ఇంట్లో ఆ రోజు కత్తి ముట్టడమంటే వచ్చే లక్ష్మిని గుమ్మంలోంచే తిప్పి పంపినట్టు. వినోద ఇది కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నేర్చుకుంది. మగవాడే కత్తి ముట్టని రోజు ఆడదాని కత్తి సంగతి చెప్పేదేముంది?

చిలుకమ్మ మంచం మీదినుంచి స్పీకరులో వచ్చిన ఫోను మాటలన్నీ విన్నది. "రేపు ఏం జేసుకొమ్మంటాంది ఆ పోరి?"

ఇంక దాచడానికి లేదు. వినోద చెప్పింది. గడ్డం సంగతి ముందుగా చెప్పబోతే చిలుకమ్మ అడ్డుకుంది.

"ఇరవై ఏండ్ల సంది చూస్తాన, నాకు తెల్వదా? నువ్వు చెప్పలే, నేనడగలే. గని శుక్రవారం పూట ఈ ఇంట్ల కత్తి ముట్టొద్దు. ఇయ్యాల గీసుకో."

వినోద మళ్లీ ఫోన్ చేసింది. "అమ్మా దీప్తీ, ఇయ్యాలనే గీసుకుంటె కాదా?"

"ట్వెంటీ ఫోర్ అవర్స్ మేడమ్."

"నలభై ఎనిమిది గంటలైతే ఏమైతది?"

"అట్లా ఇందులో లేదు మేడమ్. మీవి గట్టి వెంట్రుకలు కదా, మళ్లీ మొలుస్తాయి."

"పోనీ శనివారం తెల్లారంగ గీసుకొని వస్తె?"

"స్కిన్ మంటగా ఉంటది, డాక్టర్ చేయరు."

"మరి వారం మార్చుండ్రి తల్లీ. ఆదివారం గిట్ల..."

"మెషీన్ శనివారమే మేడమ్. ఇది క్యాన్సిల్ చేస్తే మళ్లీ మీకు మే నెలలోనే దొరుకుతుంది."

మే నెల. అంటే ఇంకో రెండు నెలలు మాస్కు, వైశాఖం పెళ్లిళ్లలో తల తిప్పుకుని గాజులు, చిట్లిన గాజులు, గాట్లు. తను మాట కాదనలేని అత్త ఒకవైపు, కాగితంలో లేని మాట చెప్పలేని కౌంటరు పిల్ల ఒకవైపు. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఇద్దరి దగ్గరా నియమం ఉంది, ఇద్దరి దగ్గరా కారణం లేదు. ఆడవాళ్ల ఒంటి మీద పెట్టే నియమాలన్నీ ఇట్లాగే ఉంటాయి, కారణం అడిగినవాళ్లే పెంకెవాళ్లవుతారు.

శుక్రవారం రెండు గంటలకు బజారు పల్చబడింది. వినోద షట్టరు సగం దించి, మాస్కుతోనే మూడు దుకాణాల అవతలికి నడిచింది. ఇంట్లో వద్దన్నది కదా అత్త. బజార్లో వద్దనలేదు. ఈ తర్కం నిలబడుతుందో లేదో తేల్చుకోకుండానే కట్టయ్య సెలూన్ మెట్టెక్కింది.

శుక్రవారం కాబట్టి కుర్చీలు ఖాళీ. అరవై ఏళ్ల కట్టయ్య పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"అయ్యో అమ్మా! ఎప్పుడు? ఎట్ల జరిగింది?"

"ఏది ఎట్ల జరిగింది?"

"పెద్దమ్మకు... మరి తెల్లారంగ గూడ కబురు లేకపాయె. సుదర్శన్ సేటు ఊళ్లె ఉన్నడా?"

వినోదకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వ్యాపారుల ఇంటి ఆడది మంగలి దుకాణం దాకా స్వయంగా నడిచి వచ్చిందంటే ఇంట్లో ఎవరో పోయి ఉండాలి. కొడుక్కి గుండు గీయడానికి పిలవడానికే వచ్చి ఉండాలి. ఈ బజార్లో ఇంకో కారణం ఎవరూ చూసి ఎరగరు.

"అత్తమ్మకేం కాలే! ఇంట్ల పప్పు బాగలేదని లొల్లి పెడ్తాంది. నా కోసమే వచ్చిన."

"నీకేం గావాలమ్మా?"

వినోద మాస్కు దించింది. కట్టయ్య ఒక్క క్షణం చూసి, వెంటనే అద్దం వైపు తిరిగాడు. పరాయి ఆడదాన్ని చూడకూడని స్థితిలో చూసినవాడిలా.

ఆమె సంగతి చెప్పింది. లేజర్, ఇరవై నాలుగు గంటలు, శుక్రవారం, అన్నీ. కట్టయ్య చాలాసేపు దువ్వెన తుడిచాడు.

"ఈ బజార్ల సగంమంది మొఖాలు నా చేతుల మీదనే నడుస్తానయి. గని నీ మొఖం మీద నేను చెయ్యి పెట్టిననుకో, రేపు నా షట్టర్ లేస్తదా అమ్మా? సేటు ఏమనకున్నా బజార్ అంటది."

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఆయన తండ్రిని ఈ సందులోనే ఏరా అని పిలిచినవాళ్లున్నారు. వినోద కూడా తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన ఈ మనిషిని ఇన్నేళ్లూ 'కట్టయ్యా' అనే పిలిచింది, ఆయన ఆమెను 'అమ్మా' అనే అన్నాడు. తన ముఖం గురించిన ఫికర్‌లో పడి ఆయనకు ఏం మోసుకొచ్చిందో ఆమెకు ఆ కుర్చీ పక్కన నిలబడ్డాకే తట్టింది. వెళ్లిపోదామని వెనక్కి తిరిగింది.

గుమ్మంలో సమ్మమ్మ ఎదురైంది. కట్టయ్య భార్య, అన్నం టిఫిను తెచ్చింది. "ఏందీ, ఇద్దరు దిష్టిబొమ్మల్లెక్క నిలవడ్డరు? ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలేదు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సంగతంతా విని సమ్మమ్మ టిఫిను బల్ల మీద పెట్టింది. "గింతేనా? దీనికే పరేషానా? మా అత్త ఈ బజార్ల ఇండ్లన్నిట్ల కాన్పులు చేసి బొడ్డులు కోసింది. నాకు కత్తి కొత్తనా? నువ్వు జర బయటికి పోయి తిను" అని భర్తను తోలి కర్టెన్ గుంజింది.

కొత్త బ్లేడు తీసింది. ముఖం తడిపి, నురగ పట్టించి, రెండు వేళ్లతో దవడ సాగదీసి పట్టుకుంది. వినోద కళ్లు మూసుకుంది. ఇరవై ఏళ్లలో ఆ గడ్డాన్ని ఇంకో మనిషి ముట్టడం అదే మొదటిసారి.

"సమ్మక్కా, పీకొద్దంటరు, గీకుమంటరు. ఎందుకంటవ్?"

"నాకేమెర్క? నేను గీకుడే నేర్సుకున్న, డాక్టరీ నేర్సుకోలే. కదలకు." కాసేపటికి సమ్మమ్మ చేయి ఆగింది. "గిదేందమ్మా, ఎడమ చెంప గింత నల్లగున్నది? కుడిది తెల్లగున్నది. రెండు మొఖాలు తెచ్చి అతికిచ్చినట్టున్నది."

వినోద కళ్లు తెరిచి అద్దంలో చూసింది. నిజమే. మామగారు పెట్టిన గల్లా ఉత్తరం ముఖంగా ఉంటుంది. దుకాణం తెరుచుకునేది పడమటికి. మూడు గంటల నుంచి పొద్దు గూకేదాకా ఎండ నేరుగా వచ్చి పడేది ఆమె ఎడమ చెంప మీదే. నీడలో కూర్చున్నానని అనుకుంటూ ఇరవై ఏళ్లు సగం ముఖం ఎండలో పెట్టింది.

శనివారం రెండున్నరకు డాక్టరమ్మ లైటు వేసి చూసింది. షేవింగ్ బాగుందని మెచ్చుకుంది. ఆ తర్వాత నాలుగు వారాలుగా ఎవరూ చెప్పనిది రెండు ముక్కల్లో చెప్పింది.

"ఈ వెలుతురు నల్లరంగును వెతుక్కుంటూ పోతుందమ్మా. వెంట్రుకను పట్టుకుని వేరు దాకా దిగుతుంది. పీకేస్తే లోపల పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పైన వదిలేస్తే చర్మం మీదే కాలుతుంది. అందుకే లోపలిది ఉండాలి, పైది పోవాలి."

"గింతేనా?" అంది వినోద. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అయితే ఈ ఎడమ వైపు ఇప్పుడు చేయను. ఎండకు నల్లబడింది. చర్మాన్నే వెంట్రుక అనుకుని కాల్చేస్తుంది. సన్‌స్క్రీన్ రాయలేదా?"

"నీడల కూసునేటోళ్లకెందుకని రాయలే."

ఆ తర్వాత డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "నెలసరి సరిగా వస్తుందా? థైరాయిడ్, హార్మోన్లు ఎప్పుడైనా చూపించారా?" ఎవరూ అడగలేదని వినోద చెప్పింది. నెల కింద ఇదే కౌంటరులో పేరు రాసుకున్నప్పుడు కూడా అడగలేదు. ఆడదాని గడ్డం అందరికీ అందం సమస్యగానే కనపడుతుంది, ఒంట్లో ఏదో సరిగా లేదని చెప్పే కబురుగా ఎవరికీ కనపడదు. రక్త పరీక్షలు రాసిచ్చి, లోపల తేడా ఉంటే మందు కూడా వాడాలని, లేకపోతే మళ్లీ వస్తాయని డాక్టరమ్మ అంది.

గడ్డానికి, కుడి దవడకు లేజర్ పెట్టారు. పోపులో ఆవాలు చిట్లి మీద పడ్డట్టు చురుక్కుమంది. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. పది నిమిషాల్లో అయిపోయింది. వెంట్రుకలు ఇప్పుడే రాలవట, రెండు వారాల్లో మెల్లగా రాలతాయట. కాబట్టి అద్దంలో ఎర్రగా కందడం తప్ప ఏ తేడా లేదు. అయిందో కాలేదో తెలియని ముఖంతో వినోద ఇంటికి వచ్చింది.

చిలుకమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అయ్యిందా?"

"సగమైంది."

"నిన్న మాత్రం కత్తి ముట్టలే కద?"

"ఇంట్ల ముట్టలే అత్తమ్మా. కట్టయ్య దుకాణంల సమ్మమ్మ గీకింది."

చిలుకమ్మ దుప్పటి సర్దుకుంది. "దుకాణమంటే... ఇల్లు కాదాయె."

"కాదు."

"గని శుక్రవారమైతే శుక్రవారమేనాయె."

"అవును."

"మరి లెక్కకొస్తదా, రాదా?"

"నాకేమెర్క? నిన్నటి సంది నేను గదే ఆలోచిస్తాన."

"పంతులుగారినడుగుదామా?"

"అడిగితే ఏం గీకినవని అడుగుతడు."

"అయితే అడగొద్దు తియ్." చిలుకమ్మ కోడలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఎర్రగా కందిన చోట వేలు పెట్టబోయి మానుకుంది. "మళ్ల ఎప్పుడు?"

"నెలకు. గట్ల ఆరుసార్లు."

"అవి గూడ శనివారాలేనా?"

"శనివారాలే."

"అంటే ముందటి రోజు..." చిలుకమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది, ఎక్కడైనా వేరే వారం వస్తుందేమోనన్నట్టు. రాలేదు. "మాటిమాటికి బజార్ల కూసోని గీకించుకునుడేంది మనింటి కోడలు? ఆ సమ్మమ్మనే ఇటు రమ్మను. వెనుక దర్వాజకెల్లి వచ్చి పెరట్ల నల్లాకాడ గీకి పోతది. నల్లాకాడంటే ఇంటి లెక్కల రాదు."

"వెనుక దర్వాజకెల్లి ఆమెను నేను పిలువ అత్తమ్మా. పిలిస్తే ముందటి దర్వాజకెల్లే పిలుస్త."

"ముందటిదంటే లక్ష్మి వచ్చే తోవనాయె! శుక్రవారం పూట, కత్తి పట్టుకొని, ఆ తోవల..." చిలుకమ్మ ముందు తలుపు వైపు చూసింది. వెనక తలుపు వైపు చూసింది. "ఆమె వస్తనన్నదా అసలు?"

"అడగలే."

"మరి ముందుగాల ఆమెనడుగు."

ఆ మాట ఏ తలుపు గురించో వినోదకు తెలియలేదు. అడుగుదామనుకుంది గానీ చిలుకమ్మ అప్పటికే గోడ వైపు తిరిగి పడుకుంది. వినోద చెప్పులు వేసుకుని, మాస్కు లేకుండా, సెలూన్ వైపు సందులోకి దిగింది.